వంశవృక్షంలో చోటు లేని రత్నమ్మ

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ట్రాన్స్‌ఫర్ గురించి. తర్వాత అడిగేది ఏ హోబళిలో, అంటే తాలూకాలో ఏ భాగంలో, పని తక్కువ అని. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. కర్ణాటకలోని పావగడ తాలూకాలో గ్రామ లెక్కాధికారిగా చేరాను. ఊళ్లు మారుతూ ఈ తాలూకాలోనే రిటైరయ్యాను. ఈ మధ్య ఆ ఉద్యోగానికి ఇంకాస్త గొప్ప పేరు పెట్టారు. జనానికి అది పట్టదు. నన్ను చివరిరోజు దాకా ‘శానుభోగమ్మా’ అనే పిలిచారు. వాళ్ల తాతలు పాతకాలం శానుభోగులకు, అంటే కరణాలకు, ఎంత భయపడ్డారో తెలీదు గానీ, నాకు మాత్రం ఎవరూ భయపడలేదు. అందుకే నా ఉద్యోగం సుఖంగా గడిచిందని ఇప్పుడనిపిస్తోంది.

మనది భూమి లెక్కలు చూసే పని అనుకుంటారు బయటివాళ్లు. కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. భూమి ఎక్కడికీ పోదు. సర్వే రాయి పాతిన చోటే ఉంటుంది. మారేది మనుషులు. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, మిగిలినవాళ్లు పోయినవాళ్లకు ఏమవుతారు, ఇది రాయడమే మన అసలు పని. దానికొక కాగితం ఉంది, వంశవృక్షం. పైన ఒక పేరు, పక్కన భార్యో భర్తో, కింద పిల్లలు. ఊళ్లో అయిదుగురు పెద్దలు ‘ఇది నిజమే’ అని సంతకాలు పెడితే మనం ముద్ర వేస్తాం. ఆ కాగితంలో పేరున్న మనిషి పని ఒక్క పూటలో అయిపోతుంది. పేరు లేని మనిషి చెప్పులరిగేలా తిరగాలి.

ఆ కాగితంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలనే ఇది మొదలుపెట్టాను. కొత్తగా చేరిన పిల్లలకు బుద్ధులు చెప్పేంత పెద్దదాన్ని కాదు. ఆ తప్పు వల్ల బాధపడింది నేను కాదు గనక, నాకు చెప్పాల్సిన బాధ్యత ఉందనుకుంటున్నాను.

బసవరాజప్పగారి చెంబు నీళ్లు

నా మొదటి బాసు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ బసవరాజప్పగారు. కన్నడ మనిషి. తెలుగు మాట్లాడితే సగం కన్నడ కలిసేది. ముక్కు మీద కోపం. కానీ పని నేర్పించడంలో ఆయన్ను మించినవాణ్ని తర్వాత నేను చూడలేదు.

నేను రాసిన మొట్టమొదటి వంశవృక్షం వెంకటమ్మనహళ్లి దగ్గర ఒక పల్లెది. ఆఫీసుకు వచ్చినాయన ముగ్గురు అన్నదమ్ములమని చెప్పాడు, ముగ్గురి పేర్లూ రాశాను. బసవరాజప్పగారు దాన్ని చూసి, ఆ ఇంటికి వెళ్లావా అని అడిగారు. లేదన్నాను. మర్నాడు నన్ను బస్సెక్కించి తనే తీసుకెళ్లారు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని దాహమేస్తోందని అడిగితే, లోపలి నుంచి ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చింది. మాట రాదు, వినపడదు. ఈమె ఎవరప్పా అని ఆయన అడిగితే ఇంటాయన నసిగాడు. చెల్లెలట. పెళ్లి కాలేదు గనక రాయించలేదట.

తిరుగు దారిలో ఆయన నాతో ఒకే మాట అన్నారు. “వాళ్లు చెప్పింది రాసేదానికి నువ్వెందుకమ్మా, టైపు మిషను చాలదా? ఇంటికి పో, కూర్చో, నీళ్లడుగు. ఆ నీళ్లు తెచ్చిన మనిషి కాగితంలో ఉండాదా లేదా చూసుకో.”

ఆ రోజు నుంచి నేను వెళ్లని ఇల్లు లేదు. ఆ తిరుగుళ్లే ఇప్పుడు నాకు కలలోకి వస్తుంటాయి. వై.ఎన్.హొసకోట బస్సు దిగి పొలాల మధ్య నడిచిపోవడం, శెనక్కాయ కొట్టే కాలంలో దారంతా పచ్చికాయ వాసన, ఏ ఇంటికెళ్లినా చేట నిండా వేయించిన కాయలు తెచ్చి ముందు పెట్టడం. వానల్లేని ఏడు కూడా పెట్టేవాళ్లు, కాకపోతే చేట బదులు దోసిలి. ‘తిను శానుభోగమ్మా, మా ఇంటి సంగతి తిన్నాక రాద్దువు’ అనేవాళ్లు. ఒళ్లు అలిసిపోయేది గానీ మనసు ఎప్పుడూ అలిసిపోలేదు.

చీరల మూటతో దిగిన మనిషి

క్యాతగానచెర్లు నా కిందికి వచ్చినప్పుడు అక్కడ సోలార్ పార్కు లేదు. ఎర్రమట్టి చేలు, వాటిలో శెనక్కాయ, ఉలవలు, అక్కడక్కడా కంది. ఊరి చివర రెండు గదుల ఇంట్లో ఓబులమ్మ, రత్నమ్మ ఉండేవాళ్లు. ఓబులమ్మకు భూమి ఉంది. రత్నమ్మ అంగన్‌వాడీలో వంట చేసే సహాయకురాలు.

ఓబులమ్మను పదహారేళ్ల వయసులో మడకశిర వైపు ఒక ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. ఎనిమిది నెలలు కాపురం చేసి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. విడాకులనే మాట ఆ రోజుల్లో ఎవరికీ తెలీదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు, సంగతి అక్కడితో మరుగున పడింది. రత్నమ్మది హొసకోటలో మగ్గాల ఇల్లు. పెళ్లి చేసుకోనని మొండికేసి, వాళ్లన్న నేసిన చీరలు మూటకట్టుకుని ఊరూరా అమ్మేది. ఓబులమ్మ ఇంటి అరుగు మీద మూట విప్పింది. ఓబులమ్మ ఒక్క చీరా కొనకుండా అన్నీ విప్పించి చూసిందట. ఈ మాట చెప్పేటప్పుడు రత్నమ్మకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా కోపం వచ్చేది. మళ్లీ వారం వచ్చింది, ఆ మళ్లీ వారం కూడా వచ్చింది. కొన్నాళ్లకు మూట అక్కడే ఉండిపోయింది, మనిషీ ఉండిపోయింది.

నేను వెళ్తే ఓబులమ్మ చేలో ఉన్నా ఇంటికొచ్చేది. ఒకరు చెప్పడం మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసేవాళ్లు. రాగిముద్ద ఎవరు కెలకాలో, చారులో ఉప్పు ఎవరు వేశారో దాని మీద పోట్లాడుకునేవాళ్లు. మా ఆయనకూ నాకూ మధ్య ఉండేది ఏదో, వాళ్లిద్దరి మధ్యా అదే ఉండేది. అది నాకు మొదటిరోజే తెలుసు. ఊరికీ తెలుసు. ఊళ్లో ఎవరూ దానికి పేరు పెట్టలేదు. పెళ్లిళ్లకు పిలిస్తే ఇద్దరినీ కలిపి పిలిచేవాళ్లు. వాళ్లు దంపతులు. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు రిటైర్మెంట్ దాకా పట్టింది. సిగ్గుగానే ఉంది.

ఓబులమ్మ భూమి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. ఇద్దరూ కలిసి కొన్నది. గేదెలు మేపి కూడబెట్టింది ఓబులమ్మ. గాజులూ గొలుసూ అమ్మింది రత్నమ్మ. పత్రం మాత్రం ఓబులమ్మ ఒక్కదాని పేరు మీదే ఉంది. అప్పట్లో రైతు కుటుంబం కానివాళ్లు సాగుభూమి కొనడానికి మా రాష్ట్రంలో చట్టం ఒప్పుకునేది కాదు. మగ్గాల ఇంటి రత్నమ్మ రైతు కాదు. ఆమె ఏ రైతునో పెళ్లి చేసుకుని ఉంటే మర్నాటి నుంచి ఆమెదీ రైతు కుటుంబమే అయ్యేది. ఓబులమ్మ కంటే గట్టి రైతు ఆ ఊళ్లో లేరు, కానీ ఓబులమ్మతో బతికితే రత్నమ్మ రైతు కుటుంబం కాలేదు. పెళ్లి అనేది కాగితంలో ఎన్ని తలుపులు తీస్తుందో నేను మొదటిసారి చూసింది అక్కడే. చూసి ఊరుకున్నాను.

నేను చేసిన మేలు

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. చేలన్నీ లీజుకు తీసుకుంటామన్నారు. కొలతలవాళ్లు, కంపెనీవాళ్లు, జీపులు. ప్రతి భూమికీ పత్రాలు సరిగ్గా ఉండాలి. మా పహణీల్లో, అంటే భూమి రికార్డుల్లో, ఎప్పుడో పోయిన తాతలు ఇంకా సేద్యం చేస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో నేను రాసినన్ని వంశవృక్షాలు ఉద్యోగం మొత్తంలో రాయలేదు. తిండికి కూడా తీరిక ఉండేది కాదు. అయినా ఊరంతా పండగలా ఉండేది, అరుగు అరుగుకూ మాటలు, పాత తగాదాలు తీరడం, కొత్తవి మొదలవడం.

ఓబులమ్మ వంతు వచ్చింది. వాళ్లింట్లోనే కూర్చున్నాను, నీళ్లు తెచ్చింది రత్నమ్మే. ‘భర్త’ అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.

“ఆయప్ప పేరు రాయొద్దక్కా” అంది ఓబులమ్మ. “ఆయప్ప యాడున్నాడో, నేను యాడున్నానో. నాతో ఉండేది రత్నమ్మ. ఆమె పేరు రాయి.”

రాయమంటే ఏమని రాయాలి? ఫారంలో ఉన్నవి భర్త, భార్య, కొడుకు, కూతురు, తోడబుట్టినవాళ్లు. రత్నమ్మకు సరిపోయే గడి ఒకటుంది, అందులో ఆమెను రాస్తే కాగితం నా మొహాన కొడతారు. నాకు ఒక ఉపాయం తోచింది. భర్త చనిపోయినట్టు రాసి, రత్నమ్మను ‘చెల్లెలు’ అని రాసేశాను. ఊరి పెద్దలు అయిదుగురూ నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. వాళ్ల దృష్టిలో అది అబద్ధమే కాదు. ఏదో ఒక వరస ఉండాలి, ఉంది. అంతే.

నేను ఎంత పొంగిపోయానంటే, ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన లెక్కల మాస్టారు. “ముద్ర వేసినావు గదా, ఇంక అది నిజమైపోతుందా ఏంది?” అన్నాడు. నాకు కోపమొచ్చి ఆ పూట మాట్లాడలేదు.

ఇది చదివే పిల్లలు ఇక్కడ కాస్త ఆగండి. నేను లంచం తీసుకోలేదు. ఎవరికీ భయపడలేదు. జాలితో రాశాను. మన ఉద్యోగంలో జాలితో రాసిన అబద్ధం డబ్బుతో రాసిన అబద్ధం కంటే ప్రమాదం. డబ్బు తీసుకున్నవాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు. నేనైతే మంచి చేశాననుకుని ఆ సంగతే మర్చిపోయాను. ఆ రోజు నేను చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ‘ఓబులమ్మా, పావగడకు పోయి వీలునామా రాయించుకో, రత్నమ్మ పేరు మీద రిజిస్టరు చేయించు’ అని చెప్పి ఉంటే చాలు. వీలునామాలో ఏ వరసా అక్కర్లేదు. తన స్వార్జితం ఎవరికైనా రాసుకోవచ్చు. ఒక్క మాట. అది చెప్పలేదు.

ఎనిమిది నెలల భర్త

ప్యానెళ్లు వచ్చి కొన్నేళ్లయ్యాక, ఒక ఉదయం ఓబులమ్మ పళ్లు తోముకుంటూ పడిపోయింది. తలలో రక్తం గడ్డకట్టింది. తుమకూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెలివి లేదు. మర్నాడు ఆపరేషన్ చేయాలి, దగ్గరి బంధువు సంతకం కావాలి అన్నారు. రత్నమ్మ తను చెల్లెలినని చెప్పింది. రుజువడిగితే నేను రాసిచ్చిన వంశవృక్షం తీసి చూపించింది.

అక్కడి గుమాస్తా ఇద్దరి ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టాడు. తండ్రుల పేర్లు వేరు. ఇది దొంగ కాగితం, పోలీసులను పిలుస్తానన్నాడట. ఆ కాగితం చూపించకపోతే రత్నమ్మ తోడుగా వచ్చిన మనిషిగానైనా అక్కడ నిలబడి ఉండేది. చూపించినందుకు దొంగగా నిలబడింది. ఎవరి సంతకమూ లేకపోయినా డాక్టర్లు ప్రాణం కాపాడొచ్చని ఒక డాక్టరమ్మ తర్వాత నాతో చెప్పింది. ఆ గంటలో ఆ ముక్క చెప్పేవాళ్లు ఆమెకు ఎవరూ లేరు.

నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. ఆమెకు కావాల్సింది ఏమిటో నెమ్మదిగా చెప్పింది. “భర్త ఉంటే పిలుచుకొని రమ్మంటాన్నారక్కా. ఆయప్ప బతికే ఉన్నాడంట. నువ్వు పోయి పిలుచుకొని వస్తావా?”

అద్దె కారు మాట్లాడుకుని మడకశిర వైపు వెళ్లాను. నేను చనిపోయాడని రాసిన మనిషి ఇంటి ముందు మంచమ్మీద కూర్చుని ఉలవలు చెరుగుతున్నాడు. పేరు నరసింహప్ప, డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. వచ్చిన పని చెప్పాను. చేట పక్కన పెట్టి, “ఆయమ్మ ముఖం గుర్తు లేదమ్మా నాకు” అన్నాడు. “పాటలు మాత్రం బాగా పాడతాండె. నాకు ఇష్టం లేక ఆపమంటి.” లోపలికెళ్లి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కారెక్కాడు. మంచివాడే. కోపం తెచ్చుకుందామనుకున్నా నాకు రాలేదు.

ఆసుపత్రిలో ఆయన వేలిముద్ర వేయడం నా కళ్లతో చూశాను. ఇంకు డబ్బా పట్టుకున్నది రత్నమ్మ. ఎనిమిది నెలలు కలిసున్నాయన ‘భర్త’ అన్న చోట బొటనవేలు ఆనించాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా కలిసున్న మనిషి ఆ వేలు తుడవడానికి గుడ్డ ఇచ్చింది. తర్వాత ఆయనకు భోజనం పెట్టించి, బస్సెక్కించి వచ్చింది. వచ్చాక మెట్ల మీద నా పక్కన కూర్చుని అడిగింది.

“మాకూ పెండ్లి కాగితం ఒకటి ఉండింటే ఇదంతా ఉండేది కాదు గదక్కా?”

ఉండేది కాదు రత్నమ్మా అన్నాను. 

నా వాంగ్మూలం

ఓబులమ్మ బతికింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది, తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. నెల తిరక్కుండా నరసింహప్ప పెద్దకొడుకు, రెండో భార్య కొడుకు, నా దగ్గరకు వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. “మా పెద్దమ్మ భూమి పహణీ ఒకసారి చూపిస్తారా మేడమ్?” అన్నాడు. పెద్దమ్మను అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూడలేదు. భూమి ఉందన్న సంగతి, ప్యానెళ్ల కింద ఉందన్న సంగతి, నేను కారేసుకుని వెళ్లిన రోజే వాళ్లింట్లో తెలిసింది.

పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె స్వార్జితం మొదట భర్తకు వెళ్తుంది. విడాకులు కాలేదు గనక నరసింహప్పే భర్త. ఆయన తర్వాత ఆ కొడుకులు. ఇల్లు కూడా ఆ పత్రంలోదే. అంటే ఓబులమ్మ కన్నుమూసిన రోజున రత్నమ్మకు పడుకునే గది కూడా మిగలదు. నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

వీలునామా రాయించాలని మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. అడ్డుపడింది ఎవరనుకున్నారు? రత్నమ్మ. మనిషి మంచం మీద ఉండగా చావు కాగితం రాయిస్తారా అని నా మీద లేచింది. అసలు బాధ వేరే ఉంది, అది చివర్లో బయటపడింది. భూమి కోసమే ఇన్నాళ్లూ అతుక్కుని ఉందని ఊళ్లో అంటారట. ఆ మాట పడటం కంటే ఇల్లు పోవడం నయమట. ఇలాంటి పౌరుషం భార్యలకు ఉండదు. ఉండనక్కర్లేదు. మొగుడి ఇంట్లో ఉన్నందుకు ఏ భార్యా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదు.

మంచం మీద నుంచి ఓబులమ్మ ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టి లాగింది. “ఊరోళ్లు ఏమంటారో ముప్పై ఏండ్లు పట్టించుకోలేదు. ఇప్పుడేంది మే నీకు?” అంది. ఆ ముద్దమాటలో కూడా చిరాకు స్పష్టంగా తెలిసింది. రత్నమ్మ ఇంక అడ్డు చెప్పకుండా ఆమె తల కింద దిండు సర్దింది.

ఇక మిగిలింది నా సంగతి. భర్త చనిపోయాడని, రత్నమ్మ చెల్లెలని నా ముద్రతో ఒక కాగితం ఉంది. రేపు కోర్టులో ఆ కొడుకులు దాన్ని చూపించి, ‘ఈమె మొదటి నుంచీ మోసమే చేసింది, వీలునామా కూడా మోసమే’ అంటే రత్నమ్మ దగ్గర జవాబు ఉండదు. తప్పు ఆమెది కాదని చెప్పగలిగేది నేనొక్కదాన్నే. తహసీల్దారు ముందుకెళ్లి, తప్పు ఎంట్రీ నేనే తెలిసి రాశాను, వాళ్లు ‘చెల్లెలు’ అని రాయమని అడగలేదు అని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన నాకంటే చిన్నవాడు. రెండుసార్లు చదివి, ‘రిటైర్మెంటుకు ఇంత దగ్గరలో ఎందుకు మేడమ్ ఇది’ అన్నాడు. విచారణ జరిగింది, శిక్ష పడింది. దాని వివరాలు ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో చాలా ఏళ్లకు మళ్లీ బసవరాజప్పగారు గుర్తొచ్చి, ఆయన లేకపోవడమే మంచిదైందనుకున్నాను. ఉండుంటే చెంప పగలగొట్టేవారు.

వీలునామా రాసే రోజు పావగడ నుంచి డాక్టరు, పత్రాలు రాసే ఆయన, రిజిస్ట్రారు ఇంటికే వచ్చారు. రాసే ఆయన అలవాటు ప్రకారం రత్నమ్మ మీకేమవుతుంది అని అడిగాడు. నేను నోరు తెరవలేదు. నా వంతు ఒకసారి అయిపోయింది.

ఓబులమ్మ ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పింది. “ఆమె వండింది నేను తిన్నాను. నేను పండించింది ఆమె తినింది. ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్నాము. ఆమె నాకు సొంతం. అంతే రాయప్పా.”

ఆయన అంతే రాశాడు. ఎడమచేతి వేలిముద్ర పడింది. ఆ తర్వాత ఎనిమిది నెలలకు ఓబులమ్మ పోయింది. నరసింహప్ప కొడుకులు వీలునామా చెల్లదని తకరారు వేశారు. వీలునామా నిలబడింది, ఇల్లూ భూమీ రత్నమ్మకు వచ్చాయి.

పదకొండు రోజులు

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాసి ముగించవచ్చు. అది కూడా ఒక రకం అబద్ధమే. వీలునామా భూమిని ఇస్తుంది. మిగతావేవీ ఇవ్వదు.

చావు రిజిస్టరులో భర్త పేరు నరసింహప్ప అనే పడింది. దహనం చేయడానికి ఆయన్నే పిలిపించారు. వచ్చి, చేయాల్సింది చేసి, ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయాడు. భర్త పోతే ఉద్యోగం చేసే భార్యకు సెలవిస్తారు, భర్త ఉద్యోగం డబ్బుకు నామినీగా రాసి ఉంటే అది వస్తుంది, వితంతువు పింఛను వస్తుంది, ఏదీ లేకపోతే నలుగురు వచ్చి కూర్చుని ఏడవడానికి ఒక హక్కయినా ఉంటుంది. రత్నమ్మ సెలవు అడిగితే పోయినామె నీకేమవుతుంది అని పైవాళ్లు అడిగారు. ఏమీ కాకపోతే సెలవు ఎలా ఇస్తాం అన్నారు. మూడోరోజు పొద్దున్నే ఆమె అంగన్‌వాడీ తాళం తీసి పొయ్యి దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది.

ఆ మధ్యే సుప్రీంకోర్టులో మగ మగ, ఆడ ఆడ పెళ్లి చేసుకునే హక్కు గురించి తీర్పు వచ్చింది. ఆ హక్కు ఇవ్వడం మా చేతిలో లేదు, చట్టసభలు చూసుకోవాలి అన్నారు. టీవీలో పెద్దమనుషులు సంస్కృతి గురించి గంటలు గంటలు మాట్లాడారు. నాకు సంస్కృతి గుర్తు రాలేదు. ఫారాలు గుర్తొచ్చాయి. ఆసుపత్రి ఫారం, భూమి ఫారం, సెలవు ఫారం. ప్రతిదాన్లోనూ అదే గడి, ప్రతి గడి ముందూ రత్నమ్మ నిలబడి ఉంది. మా కుటుంబానికి ఆ గడి ఎప్పుడూ అడ్డుగా కనిపించలేదు. పెళ్లయిన రోజున పురోహితుడు మూడు ముళ్లు వేయించాడు, ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ నన్ను ఎవరూ ‘ఈయన నీకేమవుతాడు’ అని రుజువడగలేదు.

ఆ మూడోరోజు నేను ఊళ్లోనే ఉన్నాను. రత్నమ్మ అంగన్‌వాడీకి వెళ్లిందని తెలిసి అక్కడికి వెళ్లాను. ఆమె బియ్యం కడుగుతోంది. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంతలో పిల్లల తల్లులు ఏడెనిమిది మంది గుంపుగా వచ్చారు, ముందు గంగులమ్మ. ఆమె రత్నమ్మ ఎదురింటి ముసలామె, నోరు పెద్దది. వచ్చీ రాగానే రత్నమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుంది.

“నీకు మైల ఉండాది. పదకొండు దినాలు పొయ్యి ముట్టొద్దు” అంది.

నాకు ఒళ్లు మండింది. మనిషి పోయి మూడు రోజులు కాలేదు, పిల్లల అన్నం దగ్గర మైల గోల ఏమిటని గట్టిగానే అరిచాను. గంగులమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఈమెకు ఇంత చదువుండి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది.

“శానుభోగమ్మా, మైల ఎవురికుంటుంది?” అని అడిగింది.

అప్పుడు అర్థమైంది నాకు. చావు మైల పరాయివాళ్లకు ఉండదు. పనివాళ్లకు, స్నేహితులకు, ఇరుగుపొరుగుకు ఉండదు. ఇంటి మనిషికే ఉంటుంది, రక్తానికో తాళికో. ఏ ఆఫీసూ, ఏ ఆసుపత్రీ, నా ముద్రా ఇవ్వలేని దాన్ని, చదువు రాని ఆ ముసలామె ఇచ్చేసింది. రత్నమ్మది వేరే కులం, వేరే ఊరు. అవేవీ వాళ్లకు అడ్డు రాలేదు.

నాకు ఇంకొకటి కూడా తెలుసు. అది ఆ ఊరి దయ. పక్క ఊళ్లో ఆ దయ ఉండకపోవచ్చు, గంగులమ్మ లాంటి మనిషి లేకపోవచ్చు. దయ హక్కు కాదు. హక్కయితే ఎవరి మొహమూ చూడాల్సిన పని లేదు. ఈ కాగితాలు రేపు మీ చేతుల్లోకి వస్తాయి గనక చెబుతున్నాను, ఆ గడి మారేదాకా మీ ఊళ్లో ఇలాంటి ఇల్లు ఏదైనా ఉంటే ముందు వీలునామా గురించి చెప్పండి. అబద్ధం రాయకండి.

ఓబులమ్మ పోయినప్పుడు రత్నమ్మ ఏడవలేదు, దహనం దగ్గరా ఏడవలేదు. ఆ గిన్నె చేతిలోంచి పోయాక నేల మీద కూలబడి ఏడ్చింది. గంగులమ్మ ఆమె పక్కన కూర్చుంది. మిగతా ఆడవాళ్లు చీర కొంగులు దోపుకుని బియ్యం ఎసట్లో పోశారు, పప్పు ఉడికించారు, పిల్లలకు వడ్డించారు. మర్నాడూ వాళ్లే వచ్చారు. పదకొండు రోజులూ నిండేదాకా ఊళ్లో ఆడవాళ్లు వంతులేసుకుని వండారు. రత్నమ్మ పొయ్యి ముట్టలేదు.